పాత వర్క్‌స్టేషన్‌లో లినక్స్ మింట్: పర్లాకిమిడి డీటీపీ షాపు అనుభవం

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో డీటీపీ షాపంటే ఒకే రోజు తెలుగు శుభలేఖ, ఒడియా కరపత్రం, ఇంగ్లీషు బిల్లు బుక్కు. సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా గిరాకీ వస్తుంది. మా షాపులో ఈ పనంతా ఇప్పటికీ ఒక పాత వర్క్‌స్టేషన్ మీదే నడుస్తోంది. అందులోది 2012లో వచ్చిన జియాన్ ఈ5-1620 ప్రాసెసర్: 4 కోర్లు, 8 థ్రెడ్లు. దానికి తోడు 16 జీబీ ఈసీసీ (చిన్న తప్పుల్ని తనే సరిదిద్దుకునే) ర్యామ్. విండోస్ 11 అడిగే అర్హతలు దీనికి లేవు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మేం అంతకు ముందే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారిపోయాం, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్.

ఇన్‌స్టాలేషన్ మాత్రం తేలిగ్గా అవ్వలేదు. ఫైళ్లన్నీ కాపీ అయిపోయి, ఆఖర్న గ్రబ్ (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) దగ్గర ‘ఫేటల్ ఎర్రర్’ అని ఆగిపోయేది. రిపేరుకొచ్చిన కుర్రాడు చూసి, ‘బోర్డు పోయింది మాస్టారూ, కొత్తది తీసేసుకోండి’ అన్నాడు. బోర్డు నిక్షేపంగా ఉంది. పాత మిషన్లను ఇలాంటి ఒక్క మాటతో తూకానికి వేసేస్తున్నారు, అదే నా బాధ.

అసలు సంగతి డిస్క్‌లో ఉంది. మాది 4 టీబీ హార్డ్‌డిస్క్. డిస్క్‌ని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, విడగొట్టే పాత ఎంబీఆర్ పద్ధతిలో 2 టీబీ దాటి వాడుకోలేం కాబట్టి అది కొత్త పద్ధతి జీపీటీలో ఉంది. మిషనేమో కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలో కాకుండా పాత లెగసీ బయాస్ మోడ్‌లో బూట్ అవుతోంది. ఎంబీఆర్ డిస్క్‌లో మొదటి పార్టిషన్‌కి ముందు ఖాళీ ఉంటుంది, గ్రబ్ అక్కడ సర్దుకుంటుంది. జీపీటీలో ఆ చోట పార్టిషన్ టేబులే ఉంటుంది కాబట్టి గ్రబ్ కోసం విడిగా 1 ఎంబీ పార్టిషన్ ఇవ్వాలి. పాత పనులున్న పార్టిషన్ చెరగకూడదని పార్టిషన్లు చేత్తోనే చేయించాం, ఆ 1 ఎంబీ మాత్రం పెట్టలేదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ నడిపేది) బూట్ చేసి, పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ తెరిచి, స్వాప్‌ని (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పార్టిషన్) కొంచెం కుదించి, ఆ ఖాళీలో ఫార్మాట్ చేయని చిన్న పార్టిషన్ పెట్టి, ‘బయాస్ గ్రబ్’ ఫ్లాగ్ టిక్ చేశాం. ఈసారి ఇన్‌స్టాలేషన్ చివరిదాకా పోయింది.

మీకూ ఇదే ఎర్రర్ వస్తే ముందు ఏ మోడ్‌లో బూట్ అయ్యారో చూసుకోండి. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. లైవ్‌లోకి వెళ్లాక సిస్ ఫోల్డర్లోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ (/sys/firmware/efi) ఉంటే యూఈఎఫ్ఐ మోడ్, లేకపోతే లెగసీ. ఇది తేలకుండా డిస్క్ మీద చెయ్యి వేయొద్దు. డౌన్‌లోడ్ చేసిన మింట్ ఐఎస్ఓ ఫైల్ పాడవలేదని షా256 కోడ్‌తో సరిపోల్చుకోవడం, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రి నడపడం కూడా అంతే అవసరం. పాత క్వాడ్రో గ్రాఫిక్స్ కార్డుతో స్క్రీన్ నల్లగా ఉండిపోతే, బూట్ మెనూలోని కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి.

బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని ఎవరూ పట్టించుకోరు. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. అప్పుడు అప్‌డేట్లు ఆగిపోతాయి, బ్రౌజర్ సైట్లు తెరవనివ్వదు. బయాస్ సెట్టింగులు చెరిగి, డిస్క్ కనెక్షన్ తాలూకు సాటా సెట్టింగ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి మారిపోయి, ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనపడకపోవడమూ జరగొచ్చు. కాబట్టి ముందు ఆ బ్యాటరీ మార్చండి.

వాడకంలో నాకు బాగా నచ్చింది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరు అక్షరాల అమరిక. తెలుగులో ‘క’ ఎక్కడుందో ఒడియాలోనూ అక్కడే, అదే కే కీ. ఇక్కడ రెండు భాషలూ టైప్ చేసే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? నోటో, లోహిత్ ఫాంట్లతో ఇంక్‌స్కేప్ అనే డిజైన్ ప్రోగ్రామ్‌లో ఒత్తులు చెదరవు. ఇబ్బందల్లా పాత పేజ్‌మేకర్ ఫైళ్లతోనే, అవి సరిగ్గా తెరుచుకోవు. వాటి కోసం ఇంకో విండోస్ మిషన్ని నెట్ తీసేసి పక్కన ఉంచాం. ఈ ప్రాసెసర్ టీడీపీ (గట్టిగా పని చేసేటప్పుడు వదిలే వేడి లెక్క) 130 వాట్లు. ఎండాకాలంలో షాపు వేడెక్కుతుంది, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు ఆగదు. మీ ఊళ్లో కరెంటు కోతలు ఎక్కువైతే ఇలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు ఆ లెక్క చూసుకోండి.