మామూలు మౌస్, నిలువు మౌస్, ట్రాక్‌బాల్, టచ్‌ప్యాడ్: రోజంతా పనిచేసే చేతికి ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు ఊళ్లలో పొద్దున్నుంచి రాత్రిదాకా మౌస్ పట్టుకొనే కూర్చునేవాళ్లు చాలామంది. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు వేసే డీటీపీ షాపులు, దర్శనం టికెట్లు బుక్ చేసే నెట్ సెంటర్లు, బెల్లం మండీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల బిల్లింగ్ గదులు, ఇంటి నుంచే చేసే సాఫ్ట్‌వేర్ కొలువులు. ఇందరికీ ఒకే రకం మౌస్ సరిపోదు. అయినా కొనేటప్పుడు షాపువాళ్లు చేతికిచ్చిందే తెచ్చుకుంటాం. చెయ్యి నొప్పి మొదలయ్యాక 'ఎర్గోనామిక్' అని పెట్టె మీద రాసి ఉన్నది ఏదో ఒకటి ఆర్డర్ పెడతాం, రెండు రోజులకే విసుగొచ్చి పక్కన పడేస్తాం. ముందు చూసుకోవాల్సినవి రెండే: మీ పనిలో ఏ కదలిక ఎక్కువ, చేతిలో ఎక్కడ నొస్తోంది. మౌస్ రకం ఆ తర్వాత తేలుతుంది.

మణికట్టు పైభాగమో, ముంజేతి వెనకవైపో లాగుతున్నట్టు నొస్తుంటే మౌస్ మార్చడంలో అర్థముంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే చాలాసార్లు మోచేతి దగ్గర నరం ఒత్తుకుంటూ ఉంటుంది; గాజు బల్ల అంచు మీదో, కుర్చీ చెయ్యి మీదో మోచెయ్యి ఆనించడం మానాలి, మౌస్ మార్చి లాభం లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలో మెలకువ వస్తుంటే మణికట్టులో నరం నొక్కుకుంటున్న సూచన అది. అలాంటప్పుడు కొత్త మౌస్ కన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంకో మాట. బల్ల మీ మోచేతికన్నా ఎత్తులో ఉంటే ఏ మౌస్ పట్టినా భుజం పైకి లేచే ఉంటుంది. కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచి, కాళ్ల కింద పీట పెట్టండి. ఖర్చు లేని ఈ పని చేశాక కూడా నొప్పి ఉంటేనే కింద చెప్పే వాటి గురించి ఆలోచించండి.

మామూలు మౌస్, నిలువు మౌస్

అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టినప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదానిమీదికొకటి మెలిపడతాయి. మణికట్టు కొంచెం వెనక్కి వంగుతుంది. నిలువు మౌస్ ఆ మెలికను చాలావరకు విప్పుతుంది. ఎదుటివాళ్లతో చెయ్యి కలపడానికి చాచినట్టు పట్టుకుంటాం. లాజిటెక్ వాళ్ల ఎంఎక్స్ వర్టికల్, లిఫ్ట్ రెండింటిదీ 57 డిగ్రీల వాలు. లిఫ్ట్ చిన్న, మధ్యరకం చేతులకు చేసింది. మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొన దాకా కొలిచి 19 సెంటీమీటర్ల లోపుంటే అది సరిపోతుంది. ఎడమచేతివాళ్లకు కూడా లిఫ్ట్‌లో విడిగా ఒక మోడల్ ఉంది. పేరు తెలియని బ్రాండ్లలో తక్కువ ధరకే నిలువు మౌస్‌లు దొరుకుతాయి. వాటిలో ఎక్కువ భాగం పెద్ద చేతి కొలతకే ఉంటాయి, చిన్న చెయ్యివాళ్లకు వేళ్లు బటన్ కొసకు అందవు. కొనే ముందు ఒకసారి చేతిలో పట్టి చూడకపోతే డబ్బు వృథా.

డీటీపీ వాళ్లకు నిలువు మౌస్ మొదట్లో ఎందుకు చిరాకు పుట్టిస్తుందో తెలుసుకోవాలి. మామూలు మౌస్‌లో క్లిక్ చేసే వేలు కిందికి, బల్ల వైపు నొక్కుతుంది. బల్ల ఆపుతుంది కాబట్టి మౌస్ కదలదు. నిలువు మౌస్‌లో వేలు పక్కకు నొక్కుతుంది. ఆపడానికి అవతలి వైపు బొటనవేలు తప్ప ఇంకేమీ లేదు. దాంతో క్లిక్ పడే క్షణంలోనే పాయింటర్ రెండు మూడు పిక్సెళ్లు జరుగుతుంది. కోరల్‌డ్రాలో అక్షరం ఒంపు సరిచేస్తున్నప్పుడు మీరు పట్టుకోవాలనుకున్న నోడ్ (ఒంపు మార్చడానికి గీత మీద ఉండే చుక్క) కాక పక్క నోడ్ చిక్కుతుంది. మౌస్ చెడిపోయిందని అనుకోవద్దు. బొటనవేలితో మెత్తగా అటునుంచి ఆనించి పట్టడం అలవాటవ్వాలి, అంతే. నున్నని బల్ల మీద కాకుండా గుడ్డ ప్యాడ్ మీద వాడితే జారుడు తగ్గుతుంది.

వేగం సంగతి లెక్కతో చూద్దాం. మౌస్‌ను ఒక అంగుళం కదిపితే పాయింటర్ ఎన్ని పిక్సెళ్లు జరుగుతుందో చెప్పే అంకె డీపీఐ. 1920 పిక్సెళ్ల వెడల్పున్న స్క్రీన్‌లో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లడానికి 800 డీపీఐ మౌస్‌ను దాదాపు 6 సెంటీమీటర్లు కదపాలి. 1600 పెడితే 3 సెంటీమీటర్లు చాలు. విండోస్‌లో పాయింటర్ వేగం మధ్యలో ఉండి, 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' ఆపి ఉన్నప్పటి లెక్క ఇది. నిలువు మౌస్‌ను మణికట్టుతో కాక మోచేతి నుంచి కదుపుతాం. మోచేతి కదలిక పెద్దది, కాబట్టి కొత్తలో ఎక్కువ డీపీఐ పెడితే పాయింటర్ ప్రతిసారీ బటన్ దాటిపోతుంది. 800తో మొదలుపెట్టి, గురి కుదిరాక 1000, 1200కు పెంచుకోండి. బొమ్మలు గీసే పనికి ఆ ప్రెసిషన్ టిక్ తీసేయడమే మంచిది. అది ఆన్‌లో ఉంటే ఒకే దూరం కదిపినా, ఎంత విసురుగా కదిపారన్నదాన్నిబట్టి పాయింటర్ వేరువేరు దూరాలు పోతుంది. చేతికి కొలత కుదరదు.

పాత మౌస్ తీసిపారేయకండి. విండోస్‌లో రెండు మౌస్‌లూ ఒకేసారి పెట్టుకోవచ్చు, రెండూ పనిచేస్తాయి. సెట్టింగ్స్‌లోని పాయింటర్ వేగం మాత్రం రెండింటికీ ఒకటే. అందుకే కొత్తదాని వేగాన్ని దాని మీదున్న డీపీఐ బటన్‌తోనే సరిచేసుకోండి, లేకపోతే పాతది కూడా తేడాగా అనిపిస్తుంది. మొదటి వారం బ్రౌజర్, మెయిల్, ఫైళ్లు సర్దడం లాంటివి కొత్తదాంతో, నోడ్లు, ఫొటో కటింగ్ పాతదాంతో చేయండి. రెండో వారంలో సన్నపని కూడా మెల్లగా కొత్తదానికి తెచ్చుకోవచ్చు. నెట్ సెంటర్లవాళ్లయితే 300 రూపాయల దర్శనం కోటా విడుదలయ్యే పూట మాత్రం కొత్త మౌస్‌తో కూర్చోవద్దు. ఒక్క క్లిక్ పక్కకు పోతే స్లాట్ పోతుంది, అవతల ఎదురుచూసేది ఒక కుటుంబం.

ఏ ఖర్చూ లేని దారి

బిల్లింగ్, ట్యాలీ పనిచేసేవాళ్లకు మా మొదటి సలహా కొత్త మౌస్ కాదు, ఉన్న మౌస్‌నే ఎడమవైపు పెట్టడం. అంకెల కీలన్నీ కీబోర్డు కుడి చివర ఉంటాయి. మౌస్ వాటికీ అవతల ఉంటుంది. అంటే కుడిచెయ్యి రోజంతా బయటికి చాచి ఉంటుంది, పైగా అంకెలు కొట్టిన ప్రతిసారీ మౌస్ వదిలి, మళ్లీ పట్టుకోవాలి. మౌస్ ఎడమకు వస్తే కుడిచెయ్యి అంకెల మీదే ఉంటుంది. బటన్లు తారుమారు చేయాలా అన్నది మీ ఇష్టం. కంప్యూటర్ ఇంకొకరితో పంచుకుంటుంటే మార్చకపోవడమే మేలు. మధ్యవేలితో ఎడమ బటన్ నొక్కడం కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే మౌస్ అయితేనే ఇది కుదురుతుంది. బొటనవేలికి గుంట చేసిన కుడిచేతి మౌస్‌తో కుస్తీ పట్టొద్దు.

ట్రాక్‌బాల్

ఇది కదలదు, దీని మీది బంతిని మనం తిప్పుతాం. కౌంటర్ ఇరుగ్గా ఉండి, రసీదు పుస్తకం, ప్రింటర్, కార్డు మిషన్ పక్కపక్కనే ఉన్నచోట దీన్ని మించింది లేదు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు కూడా మంచిది, చెయ్యి ఒకేచోట ఉంటుంది కాబట్టి. రెండు రకాలున్నాయి. లాజిటెక్ ఎం575 లాంటివాటిలో 34 మిల్లీమీటర్ల బంతిని బొటనవేలితో తిప్పుతాం. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ లాంటివాటిలో 55 మిల్లీమీటర్ల బంతి మధ్యలో ఉంటుంది, వేళ్లతో తిప్పుతాం, ఏ చేతికైనా పనికొస్తుంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్‌లో బొటనవేలితోనే టైప్ చేసేవాళ్లు బొటనవేలి రకం కొనేముందు బాగా ఆలోచించాలి. నొప్పి మణికట్టు నుంచి బొటనవేలి మొదలుకు మారుతుంది తప్ప పోదు.

లాగే పని ఎక్కువైతే ట్రాక్‌బాల్ వద్దు. బటన్ నొక్కిపట్టి అదే చేతివేళ్లతో బంతి తిప్పడం ఎన్నాళ్లయినా మామూలు మౌస్ అంత సుళువు కాదు. స్క్రోలింగ్, క్లిక్కులతో గడిచే పనికైతే భేషుగ్గా ఉంటుంది. ప్రెసిషన్ టిక్ దీనికి ఉంచండి: విసురుగా తిప్పితే స్క్రీన్ దాటుతుంది, మెల్లగా తిప్పితే సన్నగా కదులుతుంది.

కొత్త బంతి మొదట పట్టుకున్నట్టు అనిపిస్తుంది. చేతి జిడ్డు కాస్త అంటాక సాఫీగా తిరుగుతుంది. కొన్ని వారాల తర్వాత పాయింటర్ తడబడుతుంటే సెన్సార్ పోయిందని కంగారుపడొద్దు. ఎం575 అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి పెన్సిల్ మొద్దు వైపుతో నెడితే బంతి బయటికొస్తుంది. గిన్నెలా ఉన్న ఆ గుంటలో మూడు చిన్న పూసలు కనిపిస్తాయి, బంతి ఆనేది వాటి మీదే. ఒక్కోదాని చుట్టూ బూడిదరంగు జిడ్డు పేరుకొని ఉంటుంది. గోటితోనో, దూది పుల్లతోనో గీకి తీసి, బంతిని పొడిగుడ్డతో తుడిచి పెట్టేస్తే మళ్లీ కొత్తదే. నూనె మాత్రం వేయకండి. విబూది, కుంకుమ అంటిన చేతులతో పనిచేసే దుకాణాల్లో ఇది వారానికోసారి చేయాల్సిన పని.

టచ్‌ప్యాడ్

చదవడం, స్క్రోల్ చేయడం, విండోలు మార్చడం టచ్‌ప్యాడ్‌లో మౌస్‌కన్నా హాయిగా ఉంటుంది. లాగడం, గీయడం మాత్రం దీనికి చేతకాదు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో రాతపని, కోడింగ్ చేసేవాళ్లు వేరే మౌస్ లేకుండానే నెట్టుకురావచ్చు. ఎక్సెల్‌లో పెద్ద పట్టికలు, డిజైన్ చేసేవాళ్లు మౌస్ తగిలించుకోవాల్సిందే. లాగక తప్పనప్పుడు రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా జరపండి. రైట్ క్లిక్‌కు రెండు వేళ్లతో తట్టండి. టైప్ చేస్తుంటే అరచెయ్యి తగిలి కర్సర్ ఎగిరిపోతుంటే, విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్‌లోకి వెళ్లి సెన్సిటివిటీని 'లో' పెట్టండి. మౌస్ తగిలించినప్పుడు టచ్‌ప్యాడ్ దానంతటదే ఆగిపోయే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది.

మన దగ్గర టచ్‌ప్యాడ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో అసలు దోషి చాలాసార్లు కరెంటు. ఛార్జర్ పెట్టగానే పాయింటర్ వణికి, తనకు తాను క్లిక్ చేస్తుంటే, ఛార్జర్ తీసి చూడండి. బ్యాటరీ మీద చక్కగా ఉంటే తప్పు టచ్‌ప్యాడ్‌ది కాదు. అది వేలి వల్ల కలిగే అతి చిన్న విద్యుత్ మార్పును పసిగట్టి పనిచేస్తుంది. ఎర్త్ సరిగా లేనప్పుడు ఛార్జర్ నుంచి వచ్చే అలజడి ఆ మార్పును ముంచేస్తుంది. లోహపు బాడీ ల్యాప్‌టాప్ అయితే చేతికి జిల్లుమంటుంది కూడా. మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టడం మానండి. ఎర్త్ తీగ లేని ఎక్స్‌టెన్షన్ బాక్స్ మార్చండి. పాత అద్దె ఇళ్లలో, మన ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. అందులో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. చెమట పట్టిన వేలు కూడా తడబడుతుంది, దానికి పొడిగుడ్డ చాలు.

టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా ఉండటం, క్లిక్ పడకపోవడం, ఒక అంచు కొద్దిగా పైకి లేవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ దాని కిందో, పక్కనో ఉంటుంది. వేడికి, వయసుకు అది ఉబ్బి పైకి నెడుతుంది. దాని మీద స్కేలు ఆనించి చూస్తే ఉబ్బు తెలుస్తుంది. వెంటనే షట్‌డౌన్ చేసి, ఛార్జింగ్ ఆపి, బ్యాటరీ మార్పించండి. మూత బలవంతంగా అదమొద్దు, ఉబ్బినదాన్ని పొడవొద్దు, రెండూ నిప్పు అంటుకునే పనులే.