నర్సింగ్ పట్టా విశాఖలోనా, విదేశంలోనా? లైసెన్సు, వీసాల లెక్కలో ఏది మేలు

విశాఖ ద్వారకానగర్‌లో విదేశీ విద్య కన్సల్టెన్సీల మెట్లెక్కిన వారికి సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: అక్కడ చదివితే అక్కడే ఉద్యోగం. నర్సింగ్ విషయంలో ఈ మాట సగమే నిజం. నర్సుగా పనిచేయడానికి రెండు వేర్వేరు అనుమతులు కావాలి. రోగికి సూది వేయడానికి ఆ దేశపు నర్సింగ్ బోర్డు లైసెన్సు ఇవ్వాలి, జీతం తీసుకోవడానికి వలసల శాఖ వీసా ఇవ్వాలి. ఒకటి చేతికొచ్చినంత మాత్రాన రెండోది రాదు. అక్కడి డిగ్రీ ఈ రెండింటిలో దేన్ని సులభం చేస్తుందో తేల్చుకోకుండా అప్పుచేసి పంపడం మంచిది కాదు.

ఇంటర్ బైపీసీ ముగించి ఇంకా నర్సింగ్‌లో చేరని అమ్మాయి లెక్క వేరు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో, మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమానో ఇక్కడే పూర్తిచేసి, విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రి వార్డుల్లో చేయి తిరిగిన అమ్మాయి లెక్క వేరు. ఈ తేడా మరిచిపోవడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతోందని నా అభిప్రాయం.

అందరి చూపూ ఉండే అమెరికా సంగతి ముందు చూద్దాం. అక్కడ నర్సింగ్ డిగ్రీ చదివిన విదేశీ విద్యార్థినికి చదువు ముగిశాక ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి కింద 12 నెలలు పనిచేసే అవకాశం ఉంటుంది. కంప్యూటర్ చదువుల వారికి దొరికే మరో 24 నెలల పొడిగింపు సాధారణ నర్సింగ్ డిగ్రీకి వర్తించదు. ఆ 12 నెలలు కూడా పూర్తిగా చేతికి రావు. ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష రాసి, రాష్ట్ర బోర్డు నుంచి లైసెన్సు వచ్చేదాకా రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయకూడదు. ఓపీటీ మాత్రం లైసెన్సు కోసం ఆగదు, అందులో మొత్తం 90 రోజులకు మించి నిరుద్యోగిగా ఉండకూడదన్న నియమమూ ఉంది. కొన్ని రాష్ట్రాల బోర్డులు లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. క్యాంపస్‌లో ఏ చిన్న ఉద్యోగమూ చేయని విద్యార్థినికి ఆ నంబరు ఓపీటీ కార్డు వచ్చాకే దొరుకుతుంది.

ఆ ఏడాది గడిచాక ఏమిటన్నది ఇంకా పెద్ద చిక్కు. వార్డు నర్సు ఉద్యోగానికి బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి కాదు, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉన్నవారికీ అక్కడ లైసెన్సు వస్తుంది కనుక, డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకే ఇచ్చే హెచ్-1బీ వీసా ఆ ఉద్యోగానికి సాధారణంగా కుదరదు. మిగిలేది ఆసుపత్రి దరఖాస్తు వేస్తే వచ్చే శాశ్వత నివాస అనుమతి, ఈబీ-3 గ్రీన్‌కార్డు. అందులో వరుసను నిర్ణయించేది చదివిన దేశం కాదు, పుట్టిన దేశం. భారతదేశంలో పుట్టినవారి వరుస 2025 చివరలో కూడా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. ఆసుపత్రి దరఖాస్తు వేసిన రోజు నుంచే వరుసలో స్థానం లెక్కకు వస్తుంది కాబట్టి, అక్కడ లక్షలు పోసి చదివిన అమ్మాయికీ, హైదరాబాద్‌లో ఎన్‌క్లెక్స్ రాసి విశాఖలోనే ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయికీ ఈ వరుసలో తేడా లేదు. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్‌లో ఉంటాం. పరీక్ష రుసుము 200 డాలర్లు, విదేశీ కేంద్రంలో రాస్తున్నందుకు మరో 150 డాలర్లు. నర్సు చదువు, లైసెన్సులను పరిశీలించి ఇచ్చే వీసాస్క్రీన్ ధ్రువపత్రం అక్కడ చదివిన విదేశీయులకూ తప్పదు, వారికి పరిశీలన కొంత తగ్గుతుందంతే. అమెరికా లైసెన్సు కోసమే అయితే ఇక్కడి చదువే మేలు.

బ్రిటన్‌కు వచ్చేసరికి ప్రమాదం మరో రూపంలో ఉంది. బీఎస్సీ నర్సింగ్ చదివిన వారికి ఏడాది ఎమ్మెస్సీ నర్సింగ్ అంటగట్టడం కన్సల్టెన్సీల్లో మామూలైపోయింది. రిజిస్ట్రేషన్‌కు అర్హత ఇచ్చే కోర్సుగా అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఆమోదించని ఎమ్మెస్సీ ఎంత పెద్ద విశ్వవిద్యాలయానిదైనా, ఆ పట్టాతో నర్సు కాలేరు. ఏడాది చదివి, ఫీజు కట్టి, చివరికి ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవారు రాసే పరీక్షలే రాయాలి: కంప్యూటర్ మీద సీబీటీ, నర్సింగ్ పని చేసి చూపే ఆస్కీ. చదువు ముగిశాక పనిచేయడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా కింద ఇప్పటివరకు దొరికే రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే బ్యాచిలర్, మాస్టర్స్ పట్టభద్రులకు 18 నెలలకు తగ్గుతాయి. ఆ వ్యవధిలో లైసెన్సు రాకపోతే కేర్ వర్కర్‌గా (సంరక్షణ సహాయకురాలిగా) స్పాన్సర్‌షిప్ పొందే దారీ మూసుకుపోతోంది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి ఆ నియామకాలు ఆగిపోయాయి, అప్పటికే బ్రిటన్‌లో ఉన్నవారికి షరతులతో 2028 జులై వరకే ఆ వెసులుబాటు.

నేరుగా వెళ్లే దారిలో సీబీటీకి 83 పౌండ్లు, ఆస్కీకి 794, అర్హతల పరిశీలనకు 140, రిజిస్ట్రేషన్‌కు 153, అంతా కలిపి 1,170 పౌండ్లు అవుతాయి. ఇంగ్లిష్ పరీక్ష, వీసా, ప్రయాణం దీనికి అదనం. సీబీటీ భారతదేశంలోనే రాయవచ్చు, ఆస్కీకి మాత్రం అక్కడికి వెళ్లాలి. ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్‌కు 6.5, మిగతా మూడింటిలో 7 చొప్పున రావాలి. మన పిల్లలకు పాఠ్యాంశాల కంటే ఇదే కష్టం, అందువల్ల చాలామంది వైద్యరంగ భాషమీద ఆధారపడిన ఓఈటీని ఎంచుకుంటున్నారు. అయితే బ్రిటన్‌లో విదేశీ నర్సుల నియామకాలు ఇటీవల బాగా తగ్గాయి. లైసెన్సు దారి చౌకగా ఉన్నా, ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రి దొరకడం ఒకప్పటంత తేలిక కాదు.

అక్కడి చదువుకు నిజంగా విలువ ఉన్న దేశం ఆస్ట్రేలియా. ఆమోదం పొందిన మూడేళ్ల బ్యాచిలర్ డిగ్రీలో, లేదా వేరే డిగ్రీ ఉన్నవారికి ఇచ్చే రెండేళ్ల కోర్సులో, కనీసం 800 గంటల క్లినికల్ శిక్షణ ఉంటుంది. అది ముగించినవారు భాషా ప్రమాణం వంటి షరతులు నెరవేరిస్తే ఎన్‌క్లెక్స్, ఆస్కీ లేకుండానే రిజిస్ట్రేషన్ పొందుతారు. తరువాత పట్టభద్రులకు ఇచ్చే 485 వీసా మీద సాధారణంగా రెండేళ్లు పనిచేయవచ్చు, దానికి వయసు 35 దాటకూడదు. రిజిస్టర్డ్ నర్సు వృత్తి శాశ్వత నివాసానికి దారితీసే జాబితాల్లో ఉంది. అంటే లైసెన్సు, వీసా రెండూ ఒకే చదువు వెంట నడిచే సందర్భం ఇది. దీనికి తగ్గ ఖర్చూ ఉంది: ఏడాది ఫీజు విశ్వవిద్యాలయాన్ని బట్టి సుమారు 30,000 నుంచి 45,000 ఆస్ట్రేలియా డాలర్లు, విద్యార్థి వీసాకే 2,000 డాలర్లు. ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చేసినవారు మాత్రం మళ్లీ ఆ డిగ్రీకి వెళ్లనక్కరలేదు. చాలామందికి ఎన్‌క్లెక్స్, ఆపై అడిలైడ్‌లో 4,000 డాలర్లు కట్టి రాసే ఆస్కీ సరిపోతాయి.

ఇంటర్ పూర్తిచేసి, అంత డబ్బు లేని కుటుంబం జర్మనీ వైపు చూడవచ్చు. ఆస్‌బిల్డుంగ్ అనే మూడేళ్ల శిక్షణలో 2,100 గంటల పాఠం, 2,500 గంటల వార్డు పని ఉంటాయి. ఫీజు కట్టే బదులు నెలనెలా స్టైపెండ్ వస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రుల వేతన ఒప్పందం ప్రకారం మొదటి ఏడాదే అది నెలకు 1,300 యూరోలు దాటుతుంది. ప్రభుత్వ పరీక్ష గట్టెక్కాక నర్సుగా పనిచేసే అనుమతి, రెండేళ్ల ఉద్యోగం తరువాత ఇతర షరతులకు లోబడి స్థిర నివాస అర్హత వస్తాయి. ఇంత సజావైన దారికి అడ్డుపడేది జర్మన్ భాష ఒక్కటే, అది చిన్న అడ్డేమీ కాదు. బీ1, బీ2 స్థాయులకు విశాఖలో ఏడాది చదివినా అక్కడి రోగి యాస అర్థం కావడానికి మరి కొన్నాళ్లు పడుతుంది. ఇక్కడి బీఎస్సీ ఉన్నవారు శిక్షణకు బదులు గుర్తింపు పొందే దారిలో వెళ్లవచ్చు. లోటు ఏదైనా ఉందని తేల్చితే పరీక్షో, అనుసరణ శిక్షణో పూర్తిచేయాలి.

కాబట్టి ఇంటర్ ముగించిన అమ్మాయికి, డబ్బుంటే ఆస్ట్రేలియా, లేకపోతే జర్మనీ. బీఎస్సీ లేదా జీఎన్‌ఎం చేతిలో ఉన్న అమ్మాయికి మాత్రం రెండో డిగ్రీ కన్నా ఒకటి రెండేళ్ల ఆసుపత్రి అనుభవం, భాషా పరీక్ష, ఎన్‌క్లెక్స్ మేలు. బీఎస్సీ ఉన్నవారు ఎన్‌క్లెక్స్ ఫలితాన్ని అమెరికాకూ ఆస్ట్రేలియాకూ రెండింటికీ వాడుకోవచ్చు.

ఇక్కడ నర్సింగ్ చదివినవారు ఏ దారిలో వెళ్లినా విజయవాడలోని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ, బీఎస్సీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు (మార్కుల పూర్తి వివరాలు) కావలసి వస్తాయి. మన తెలుగువాళ్లకు వచ్చే ఇబ్బంది ఇక్కడే: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి మూడో పేరు చేరుతుంది. విదేశీ బోర్డులు ఈ మూడింటినీ ఒక్క మనిషివిగా ఒప్పుకోవడానికి నెలలు పట్టవచ్చు. కాలేజీలో చేరిన మొదటి ఏడాదే పాస్‌పోర్టు, మెమో పక్కపక్కన పెట్టి చూసుకుని సరిచేయించుకోవాలి.