పిల్లల పక్కబట్టలకు విడి సంచులు – ఐదేళ్లు వాడాక

నేను టీచర్‌గా ఉన్న గదిలో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు 18 మంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక గంటన్నర నిద్ర. ఏడవకుండా ఎలా పడుకుంటారు, ఎంతసేపు పడుకుంటారు అని తల్లిదండ్రులు రోజూ అడుగుతారు. లేచాక ఆ షీట్లు, దుప్పట్లు ఎక్కడ పెడతారని అడిగినవాళ్లు ఈ ఏడేళ్లలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. నిజానికి ఈ గదిలో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం నాకు అదే. మొదటి రెండేళ్లు మూతల ప్లాస్టిక్ పెట్టెలు వాడాం. ఆ తర్వాత ఐదేళ్లుగా పిల్లకొక గుడ్డ సంచి, సంచికొక కొక్కెం. సంచులు నా గదిలో బాగానే పనిచేశాయి. కాకపోతే సంచి కొని తగిలించినంత మాత్రాన పని అయిపోదు. అది నాకు అర్థం కావడానికే ఏడాది పట్టింది.

ముందు పెట్టెల సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలా చోట్ల ఇంకా అవే ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మూత టక్కున పడుతుంది, దుమ్ము పడదు, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. ఒక పిల్ల దుప్పటి ఇంకో పిల్ల దుప్పటికి తగలదు కూడా. ఇంకేం కావాలి అనుకున్నాం. కానీ చిన్నపిల్లలు నిద్రలో తల దగ్గర బాగా చెమట పడతారు. కొందరికి చొల్లు కారుతుంది. లేపినప్పుడు షీటు చేతికి పొడిగానే అనిపిస్తుంది, లోపల మాత్రం చెమ్మ ఉంటుంది. దాన్ని అలాగే మడిచి గాలి చొరని పెట్టెలో పెట్టి మూత వేస్తే, మళ్లీ తీసేది మర్నాడు మధ్యాహ్నం. శుక్రవారం పెట్టినదైతే సోమవారం దాకా అంతే.

అలాంటి ఒక సోమవారం ఒక పెట్టె తెరిస్తే చెమ్మ వాసన గుప్పుమంది. పసుపురంగు షీటు, ఏనుగు బొమ్మలు. మడత విప్పితే తల పెట్టుకునే చోట సూదిమొన అంత నల్లటి చుక్కలు, అరచేయి మేర. మొదట మరకేమో అనుకుని గోటితో గీకాను. పోలేదు, బూజు. ఆ షీటు వాడే బాబుకు జలుబు చేస్తే చాలు, పిల్లికూతలు వచ్చేవి. వాడు ఎన్ని రోజులుగా ఆ చుక్కల మీద ముక్కు పెట్టి పడుకున్నాడో అని ఆలోచిస్తే నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. మిగతా 17 పెట్టెలూ అప్పుడే తెరిచి చూశాను. ఇంకో మూడింటిలో అదే వాసన. ఆ బాబు అమ్మకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "ఇప్పుడు చూశారు కదా టీచర్ గారూ, ఇక మీదట జాగ్రత్తగా ఉండండి" అంది.

తర్వాత కొన్నాళ్లు మూతలు తీసేసి వాడాం. ఆ పైన తెరిచి ఉన్న అరల్లో పెట్టాం. రెండూ కుదరలేదు. అరల్లో దుప్పట్లు జారి ఒకదాని మీద ఒకటి పడతాయి, పిల్లలు లాగుతారు, కిందపడినవి ఎవరివో తెలియవు.

అప్పుడు సంచులకు మారాం. కాస్త మందపాటి నూలు గుడ్డ, ఒక షీటు, ఒక పలుచటి దుప్పటి, ఒక చిన్న తలగడ వదులుగా పట్టేంత సైజు. కుక్కితే పట్టేంత కాదు, వదులుగా పట్టేంత. లోపల గాలి ఆడకపోతే పెట్టెకూ దీనికీ తేడా లేదు. మూతికి లాగే తాడు వద్దని ముందే అనుకున్నాం. పిల్లలు తిరిగే గదిలో పొడవాటి తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే పైన మడిచి అతికించే పట్టీ పెట్టించాం. కొక్కేలు కూడా పిల్లల కంటి ఎత్తులో ఉండకూడదు. పెద్దవాళ్ల భుజం ఎత్తున బిగించాం, చివర గుండ్రంగా ఉన్నవి.

ఇక్కడే మొదటి తప్పు జరిగింది. కొక్కెంకీ కొక్కెంకీ మధ్య 15 సెంటీమీటర్లు వదిలాం. ఖాళీ సంచులు తగిలించి చూసుకుంటే సరిపోయినట్టే ఉంది. నింపాక ఒక్కోటి ఉబ్బి పక్కదానికి ఒత్తుకుంది. అంటే 18 సంచులు కలిసి ఒకే మూట అయ్యాయన్నమాట. ఎవరి బట్టలు వాళ్లకు విడిగా ఉండాలనే కదా ఇదంతా. అన్నీ పీకి 40 సెంటీమీటర్ల దూరంలో మళ్లీ బిగించాం. ఒక గోడ చాలక రెండో గోడ కూడా వాడాల్సి వచ్చింది. ఆ రెండో గోడ బయటివైపుది, వానాకాలంలో చల్లబడి చెమ్మ పడుతుంది. గోడను ఆనుకున్న సంచుల వెనకభాగం తడిగా తగిలింది. గోడకు చెక్కపట్టీ వేసి, దాని మీద కొక్కేలు బిగించాక సంచికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు వచ్చింది. అప్పటినుంచి ఆ ఇబ్బంది లేదు. సంచులు కొనేముందే నింపిన సంచితో కొలతలు వేసుకోండి, గోడను చేత్తో తడిమి చూడండి.

సంచుల మీద పేర్లు మొదట్లో పెద్దలకోసమే రాశాం. పిల్లలకు చదవడం రాదుగా. ఒకరోజు మూడేళ్ల పాప ఎంతకీ పడుకోలేదు. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, తోసేస్తుంది, మళ్లీ పెట్టుకుంటుంది, ఏడుస్తుంది. మాకు అర్థం కాలేదు. మా ఆయమ్మే కనిపెట్టింది: "దీనిది కాదమ్మా ఇది, పక్కపాపది." రెండూ నీలం గళ్ల దుప్పట్లే. పాప వాసన పట్టింది, మేం పట్టలేకపోయాం. దానిది దానికిస్తే రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఆ వారమే ప్రతి సంచికీ ఒక బొమ్మ కుట్టించాం: తాబేలు, పడవ, చందమామ, గొడుగు. అదే బొమ్మ షీటు మూలకు, దుప్పటి మూలకు, పరుపు తల వైపు కూడా. ఇప్పుడు పొరపాటున తాబేలు దుప్పటి పడవ పిల్లవాడికిస్తే వాడే తిరిగి ఇచ్చేస్తాడు. తల వైపు గుర్తు ఉండటం వల్ల ఇంకో లాభం: నిన్న కాళ్లు పెట్టిన చోట ఈరోజు మొహం పెట్టరు.

ఇక అసలైన పని, సంచిలో పెట్టేముందు ఆరబెట్టడం. పిల్లలు లేచాక షీటు, దుప్పటి విప్పి, వాళ్ల వాళ్ల పరుపు మీదే 20 నిమిషాలు పరిచి ఉంచుతాం. ఈలోగా పిల్లలను బాత్రూముకు తీసుకెళ్లి, మొహాలు కడిగి, నీళ్లు తాగిస్తాం. కిటికీలు తీస్తాం. ముసురు పట్టినప్పుడు ఫ్యాన్ వేసి అరగంట ఉంచుతాం. తర్వాత పడుకున్న వైపు లోపలికి వచ్చేలా మడుస్తాం. విదిలించడం మానేశాం. దుప్పటి విదిలించి మడవడం మనందరికీ చేతి అలవాటు, నాకూ అది మానడానికి చాలా కాలం పట్టింది. నులిపురుగుల గుడ్లు కంటికి కనబడవు, బట్టల మీద రెండు మూడు వారాలు బతుకుతాయి, విదిలిస్తే గదంతా ఎగిరి పడతాయి. ఈ 20 నిమిషాలు రోజూ దొరకడం కష్టం. ఇద్దరమే ఉన్నరోజు, ఎవరో ఒకరు వాంతి చేసుకున్నరోజు అస్సలు దొరకవు. అలాంటి రోజు మడవకుండా అలాగే వదిలేసి, సాయంత్రం పిల్లలు వెళ్లాక మడుస్తాం. చెమ్మతో సంచిలోకి మాత్రం వెళ్లనివ్వం.

పరుపుల గురించి కొంచెం. మావి రెక్సిన్ తొడుగున్న మడత పరుపులు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒకదాని నేల వైపు ఇంకోదాని పడుకునే వైపుకు తగులుతుంది. ఎంత మంచి సంచులు వాడినా ఇక్కడ కథ మొదటికొస్తుంది. రోజూ రెండు వైపులా తుడిచి, ఆరాక, సందులున్న స్టాండులో పుస్తకాల్లా నిలబెడతాం. కుట్టు విడిపోయిన పరుపును టేపు వేసి వాడొద్దు. ఒకసారి నేను అలా టేపు వేసి రెండు నెలలు వాడించాను. తర్వాత విప్పి చూస్తే లోపలి ఫోమ్ తడిసి రంగు మారిపోయింది. పీల్చుకున్నది కడిగితే పోదు, పారేయాల్సిందే. రెండేళ్ల క్రితం సగం పరుపులు తీసేసి, కాళ్లున్న వల మంచాలు తెప్పించాం. పేర్చినా ఒకదాని గుడ్డ ఇంకోదానికి తగలదు, కింద నుంచి గాలి ఆడుతుంది, ఉచ్చ పోసినా నిలవదు. డబ్బు కుదిరినప్పుడు మిగతా సగం కూడా మారుస్తాం. పరుపైనా మంచమైనా పడుకోబెట్టేటప్పుడు మధ్యలో మూడడుగులు ఉండాలి. అంత చోటు లేనివైపు ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా వేస్తాం.

ఉచ్చ పోసిన పరుపు మీద నేరుగా బ్లీచ్ పోయకండి. ఉచ్చలోని పదార్థాలతో బ్లీచ్ కలిస్తే ఘాటైన, ఊపిరికి మంచిది కాని ఆవిరి వస్తుంది. ముందు సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, ఆ తర్వాతే ఆ రోజు కలుపుకున్న బ్లీచ్ నీళ్లు. డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉండనివ్వాలి. వెంటనే తుడిచేస్తే చేసినట్టే కాదు. ఇదంతా పిల్లలు గదిలో లేనప్పుడే. నిన్న కలిపిన నీళ్లు ఈరోజుకు పనికిరావు.

సంచులకు నిజమైన పరీక్ష మూడో ఏడు వచ్చింది. ఒక పాప తలలో పేలు కనిపించాయి. అరల కాలంలో అయితే అందరి బట్టలూ కలిసి ఉండేవి, ఎవరి నుంచి ఎవరికి అన్నది ఎవరూ చెప్పలేరు. ఈసారి ఆ ఒక్క సంచి, అందులోని బట్టలు తీసి కవర్లో మూతి కట్టి పక్కన పెట్టాం. పేను తల మీద నుంచి కింద పడితే ఒకటి రెండు రోజులకు మించి బతకదు. 54 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతికి, వేడిగా ఆరబెడితే చాలు. నిజానికి పేలు ఎక్కువగా తలకు తల తగిలి పాకుతాయి, దుప్పట్ల వల్ల తక్కువే. అందుకని మిగతా పిల్లల తలలు కూడా చూడమని ఇళ్లకు కబురు పంపాం. అదే వారం ఇంకో పిల్లవాడికి బయటపడింది, వాళ్లిద్దరూ రోజంతా తలలు కలిపి ఆడుకునే జట్టే. అక్కడితో ఆగింది.

ఆ పాపకు ఒక బొమ్మ కుందేలు ఉండేది, లోపల పాట పాడే బ్యాటరీ పెట్టె. ఉతకడానికి లేదు. దాన్ని కవర్లో కట్టి రెండు వారాలు ఉంచాం. రోజూ పడుకునేముందు "కుందేలు ఇంకా నిద్ర లేవలేదా?" అని అడిగేది. కవర్ మీద 14 గళ్లు గీసి, రోజుకొకటి దాని చేతే కొట్టేయించాం. ఆఖరి గడి కొట్టేసిన రోజు కవర్ విప్పి కుందేలును చేతికిచ్చాను. ముందు వాసన చూసింది, తర్వాత చంకలో పెట్టుకుంది.

ఉతకడం మాత్రం సంచులతో తేలికేమీ కాలేదు. వారానికి ఒకసారి తప్పనిసరి, తడిసినా, వాంతి పడినా అదే రోజు. శుక్రవారం సంచితో సహా ఇంటికి పంపిస్తాం, సోమవారం రావాలి. అందరివీ రావు. అందుకే ఐదు జతలు మా దగ్గర విడిగా ఉతికి ఉంచుతాం. రానివాళ్లకు వేరే పిల్ల దుప్పటి సర్దడమనేది లేదు. ఒకటి గట్టిగా చెప్తాను: లోపలి బట్టలతో పాటు సంచి కూడా ఉతకాలి. మొదట్లో మాకు అది తట్టనే లేదు. మూడు నెలల తర్వాత ఒక సంచిని తిరగేసి చూస్తే అడుగున వెంట్రుకలు, దుమ్ము, ఇసుక. ఉతికిన షీటును రోజూ అందులోనే పెట్టాం. ఇంట్లో వీలైనవాళ్లు 60 డిగ్రీల్లో ఉతికితే దుమ్ములో ఉండే పురుగులు కూడా చస్తాయి. ఆయాసం ఉన్న పిల్లల ఇళ్లకు ఈ మాట తప్పకుండా చెప్తాను.

ఐదేళ్లలో 18 సంచుల్లో 11 ఇంకా మొదటివే. అతికించే పట్టీలు మాత్రం రెండేళ్లకే పట్టు వదిలేశాయి, వాటి బదులు పెద్ద గుండీలు కుట్టించాం. గోడ నిండా సంచులు వేలాడుతుంటే గది చిన్నగా కనిపిస్తుంది, అది నిజమే. ఇరుకు గదిలో 25 మంది ఉంటే 40 సెంటీమీటర్లు వదలడం కుదరకపోవచ్చు. అలాంటి చోట గాలి రంధ్రాలున్న విడివిడి అరలు నయం. దగ్గర దగ్గరగా తగిలించిన సంచులకంటే అవే మేలు. ఏడాది లోపు పసివాళ్ల గదికి ఇది అక్కర్లేదు, ఎందుకంటే వాళ్ల ఉయ్యాల మంచంలో బిగుతుగా పరిచిన షీటు తప్ప దుప్పటి, తలగడ, బొమ్మ ఏదీ ఉండకూడదు.

ఈ ఏడాది, చిరిగిన ఏడు సంచుల బదులు కొత్తవి కుట్టిస్తున్నాం. ఈసారి అడుగుభాగం వల గుడ్డతో పెట్టమన్నాను. ఇసుక కిందికి రాలిపోతుంది, గాలి కింద నుంచి కూడా వస్తుంది. నమూనాకు ఒకటి కుట్టించి, నెల రోజులుగా గొడుగు బొమ్మ పాపకు వాడుతున్నాం. నిన్న సోమవారం అందరి సంచులూ విప్పి చూశాను. దానిదే అన్నిటికంటే పొడిగా ఉంది.