యెజ్డీ ఇంజిన్‌లో లాక్ పడిపోతే: రెండు మాగ్నెట్ పుల్లలు, ఒక చైనా కెమెరా

నాన్న 1984 యెజ్డీ రోడ్‌కింగ్ బైక్‌కి బోరు చేయించి (అంటే సిలిండర్ లోపలి గోడ చెక్కించి) కొత్త పిస్టన్ ఎక్కిస్తున్నప్పటి సంగతి. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను జారిపోకుండా రెండు పక్కలా సన్న తీగ లాకులుంటాయి, రెండోది పెడుతుంటే నోస్ ప్లయర్ జారింది. టింగ్ అని ఒక్క చప్పుడు. నేలంతా చీపురు పెట్టి వెతికాను గానీ ఎక్కడ పడిందో మనసుకి తెలుసు. బ్లాక్ (సిలిండర్) తీసిన టూ స్ట్రోక్ ఇంజిన్ నోట్లో గుడ్డ కుక్కకుండా లాక్ జోలికి పోకూడదని నాకూ తెలుసు, కాకపోతే అప్పుడే ఆ గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాను.

వీధి చివరి మెకానిక్ అన్న తొంగి చూసి "ఇంజిన్ దించి కేసు విప్పాలె తమ్మీ" అన్నాడు. కేసంటే ఇంజిన్ కింది భాగపు డొప్ప. ఆయన భయం నిజమే. సన్న తీగ ముక్కే అయినా లోపల తిరిగే ఇనప చక్రానికీ (ఫ్లైవీల్) అల్యూమినియం కేసుకీ మధ్య ఇరుక్కుంటే ఒక్క కిక్కుకే కేసు పగలొచ్చు, లేదంటే గ్యాస్ వెళ్లే దారిలో పైకెక్కి కొత్త బోరుని గీకేస్తుంది. యెజ్డీల మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, ఇప్పుడు మంచి కేసు దొరకడమంటే మాటలా! ఈ బండికి కిక్కూ గేరూ ఒకటే రాడ్ కదా, పిల్లలెవరూ తొక్కకుండా ముందు దాన్ని పీకి నాన్న గదిలో పెట్టేసి, లాక్ తీసే సామాను కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ బయల్దేరాను.

మొదట కొన్నది పాత రేడియో ఏరియల్‌లా సాగే పుల్ల, చివర మాగ్నెట్, 150 రూపాయలు. షాపాయన కిలోన్నర స్పానర్ లేపి చూపిస్తే ముచ్చటపడ్డాను. ఇంజిన్‌లో పెట్టగానే ఆ బలమే శని అయింది. కనెక్టింగ్ రాడ్ ఇనుము, ఫ్లైవీల్ ఇనుము, బ్లాక్ బిగించే స్టడ్లు ఇనుము, లోపలికి దించే ప్రతిసారీ ఏదో ఒకదానికి ఠప్పున అతుక్కోవడం, నేను పీకడం, అరగంట ఇదే గోల. పైగా పుల్ల వంగదు, లాకేమో ఫ్లైవీల్ పక్క సందులో ఉంది.

సందులో ఉందని తెలిసింది 900 పెట్టి కొన్న కెమెరా వల్ల. ఫోన్‌కి తగిలించే వైరు, చివర పెన్సిల్ అంత లావు కన్ను, చుట్టూ చిన్న లైట్లు. వస్తువుకి మరీ దగ్గరగా పెడితే అంతా మసకే, రెండు మూడు అంగుళాల దూరం ఉంటేనే తేటగా కనిపిస్తుంది. ఆయిల్ అంటుకుంటే మళ్లీ తుడవాలి. అయినా నల్లటి ఆయిల్లో వెంట్రుకలా మెరిసిన ఆ తీగని చూసినప్పుడు కలిగిన ఆనందానికి 900 పెద్ద లెక్క కాదు.

మర్నాడు మళ్లీ వెళ్లి స్ప్రింగ్ మెడ ఉన్న సన్న పుల్ల తెచ్చాను, 220. ఎటు వంచితే అటు వంగుతుంది, మాగ్నెట్ బలం తక్కువ. పక్కలు అతుక్కోకుండా పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి దారం కట్టి, మొన మాత్రం బయటికి వదిలాను. కనెక్టింగ్ రాడ్‌ని చేత్తో మెల్లగా పైకి లేపి సందులోకి దించితే, నాలుగోసారో ఐదోసారో చిన్న టిక్ వినిపించింది. ఊపిరి బిగబట్టి పైకి లాగాను, లాక్ వచ్చింది. గ్రాము బరువు కూడా ఉండని ముక్క కోసం కిలోన్నర లేపే మాగ్నెట్ కొన్నందుకు ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. ఆ లాక్ మళ్లీ వాడలేదు, కొత్త జత వేశాను.

కార్బొరేటర్ జెట్టు లాంటి ఇత్తడి ముక్క పడితే మాత్రం ఈ పుల్లలేవీ పనికిరావు. దానికి బటన్ నొక్కితే నాలుగు గోళ్లు తెరుచుకునే రకం తీసుకోండి. ఇంకో మాట, టూల్ బాక్స్‌లో పడి ఉన్న మాగ్నెట్ మొనకి ఇనప రజను పట్టి ఉంటుంది, శుభ్రంగా తుడవకుండా ఇంజిన్‌లో పెట్టకండి.

స్ప్రింగ్ పుల్లకి ఐదుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, పని అయ్యాక పెట్రోల్‌తో కడుగుతుంటే మొనలోని మాగ్నెట్ ఊడి చేతిలోకి వచ్చింది. ఉత్త గమ్‌తో అంటించారు. అది ఇంజిన్‌లోనే ఊడి ఉంటే దాన్ని తీయడానికి ఇంకో పుల్ల కొనాల్సి వచ్చేది. లోపల పెట్టే ముందు ఒకసారి గట్టిగా లాగి చూసుకోండి.