మేజ్ లింకా, పక్కన కూర్చుని చూడటమా?

యాప్ డిజైన్ ప్రాజెక్టు యూజర్ టెస్టింగ్ (వాడేవాళ్ల చేతికిచ్చి చూడటం) దాకా వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌కీ ఇదే తర్జనభర్జన. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రోటోటైప్‌ని (యాప్ నమూనాని) మేజ్ లాంటి ఆన్‌లైన్ టెస్టింగ్ టూల్‌లో పెట్టి లింకు పంపాలా, ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చోవాలా?

ఖర్చు: టూల్ ఉచిత ప్లాన్‌కి పరిమితులుంటాయి, మనుషుల్ని కూడా అదే వెతికిపెట్టాలంటే డబ్బు కట్టాలి. ఎదురుగా చేస్తే మహా అయితే టీ ఖర్చు.

శ్రమ: రాత్రి వాట్సాప్‌లో లింకు పెడితే తెల్లారేసరికి హీట్‌మ్యాపులు (స్క్రీన్ మీద ఎక్కడెక్కడ నొక్కారో రంగుల్లో చూపే బొమ్మలు), తప్పు క్లిక్కుల లెక్కలు సిద్ధం. ఎదురుగా అయితే మనిషికో అరగంట, ఆపైన నోట్స్ పని.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. గ్రూపులో పెట్టిన లింకు నొక్కేది ఎక్కువగా మీ క్లాస్‌మేట్లే. బస్ పాస్ యాప్‌లో ‘రెన్యూ’ బటన్ వాళ్లకి ఇట్టే దొరుకుతుంది. అదే ఫోన్ ఓ పెద్దావిడ చేతికివ్వండి. బొటనవేలు స్క్రీన్ దాకా వచ్చి ఆగిపోతుంది. “ఇది నొక్కితే డబ్బులు పోతాయా బాబూ?” అంటుంది. హీట్‌మ్యాప్‌లో ఆ ప్రశ్న కనపడదు. అలాగని ఎదురుగా కూర్చుంటే అంతా నిజమే తెలుస్తుందనీ కాదు. నోరు జారి “పైన చూడండమ్మా” అన్నారంటే ఆ టెస్టు అక్కడితో సరి. మొహమాటానికి ‘బాగుంది’ అనేవాళ్లకీ కొదవ లేదు.

ఎంతమంది: లోపాలు పట్టడానికి ఐదుగురు చాలని యూజబిలిటీ (వాడుక సౌలభ్యం) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. అంకెలు తేల్చే పరీక్షలకి ఆ మాట చెల్లదు.

రెండు మెనూల్లో ఏది మేలో తేల్చాలన్నా, యూజర్లు వేరే ఊళ్లో ఉన్నా టూలే నయం. మొదటి డ్రాఫ్టయినా, వాడేది పెద్దవాళ్లయినా ఎదురుగానే చూడాలి. వారమే గడువుంటే ముందు ముగ్గురి పక్కన కూర్చోండి, సరిదిద్దాక లింకు పంపండి.