కాలువగట్టు మీద మూడు బళ్లు

కోనసీమకు వెళ్లినవాళ్లు గుళ్లు, గోదావరి, పూతరేకులు చూసి వస్తారు. మేమూ చూశాం. అయితే మా ముగ్గురికీ ఇంకో జబ్బుంది. ఏ ఊళ్లో దిగినా గది తలుపుకన్నా ముందు గేటు చూస్తాం. బండి లోపలికి తిరుగుతుందా, రాత్రి ఎవరైనా కాపలా ఉంటారా, పొద్దున్నే అద్దం కడుక్కోవడానికి కుళాయి ఉందా అని. మా ఆవిడ దీన్ని వెర్రి అంటుంది. ఆమె మాట కొట్టిపారేయలేను.

నాది 2021లో కొన్న డీజిల్ ఎస్‌యూవీ. మా బావది రెండేళ్ల కిందటి పెట్రోలుది. మా పై అంతస్తులో ఉండే మాస్టారిది 2013 నాటి పాత డీజిల్. మూడూ మధ్యస్థాయి బళ్లే. కంపెనీల పేర్లు చెప్పను. చెబితే ఇది యాత్ర కథ కాకుండా తగాదా అవుతుంది.

బయలుదేరే ముందు ఎవరి తయారీ వాళ్లది. బావ స్ప్రింగుల పైన రబ్బరు స్పేసర్లు వేయించి బండిని అంగుళం ఎత్తాడు. 205/65 టైర్లు (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం) తీసేసి 215/65 ఎక్కించాడు. టాపు మీద పొడుగాటి ఎల్‌ఈడీ లైటు బారు బిగించాడు. ముందు ఇనుప గార్డు కూడా పెట్టించబోతే, వాటిపై చర్య తీసుకోమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసిందని మాస్టారు గుర్తుచేసి ఆపారు. ఆయన మాత్రం ఇంజిన్‌లోని టైమింగ్ బెల్టు, దాంతోపాటే దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు మార్పించారు. బ్రేకు ఆయిలు కొత్తది పోయించారు. పెట్టిన ఖర్చులో పైకి కనపడేది ఒక్క రూపాయి లేదు. నేను ఇంజిన్ ఆయిలు మార్పించి, వైపర్లు కొని, చాలనుకున్నాను.

డిసెంబరు మొదటి వారం. విజయవాడ దాటాక 16వ నంబరు జాతీయ రహదారి మీద చెప్పుకోవడానికి ఏమీ లేదు. సిద్ధాంతం దగ్గర గోదావరి పాయ వశిష్ఠను దాటితే రావులపాలెం. ఆ రాత్రి హైవే పక్క లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, పరుపు మెత్తగానే ఉంది, లారీ హారన్లు తెల్లవార్లూ మంచం కిందనుంచే వినిపించాయి. పార్కింగుకు మాత్రం నూటికి తొంభై మార్కులు. మూడు బళ్లు పక్కపక్కన పెట్టుకుని తలుపులు బార్లా తీసుకోగలిగాం. డ్రైవర్లు పడుకోవడానికి విడిగా గది, స్నానానికి వేడినీళ్లు ఉన్నాయి. పెద్ద హోటళ్లలో కూడా ఇది అరుదు.

మర్నాడు శనివారం. శనివారంనాడు వెంకన్న గుడి ఉన్న వాడపల్లి మీదుగా వెళ్లడం మా తెలివితక్కువతనం. ఏడు శనివారాలు వచ్చి ఏడేసి ప్రదక్షిణలు చేసే భక్తులతో గట్టు రోడ్డంతా నిండిపోయింది. లొల్ల లాకుల దాకా మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. క్లచ్చి వాసన ఎవరి బండినుంచి వస్తోందో తేలకుండానే ఆత్రేయపురం చేరాం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాలు రోడ్డు పొడవునా ఉన్నాయి. మా సలహా ఒకటే. ముందే కట్టిన పెట్టె కొనకండి. కళ్లముందు చుట్టించుకోండి. నెయ్యి ఎంత పడుతోందో తెలుస్తుంది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. 1852లో పూర్తయిన ఆనకట్ట వల్లే ఈ నేలకు కాలువలు వచ్చాయి. ఆ కాలువల గట్లే ఇప్పుడు రోడ్లు. ఒకవైపు కాలువ, ఇంకోవైపు పల్లంలో చేలు, మధ్యలో ఒక బండిన్నర వెడల్పు తారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒక చక్రం మట్టిలోకి దించాలి. గట్టు అంచు ఎక్కడ తెగిందో గడ్డి కప్పేసి ఉంటుంది. ఇక్కడ ఎత్తయిన బండి కావాలనుకుంటాం గానీ, కావలసింది గుంతలో దిగిన చక్రాన్ని మెత్తగా పైకి తెచ్చే సస్పెన్షను.

ఆ సంగతి బావకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. కొత్తపేట దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్‌టక్‌మని మొదలైంది. మాస్టారు అద్దం దించి విని, “లింకు రాడ్డు” అన్నారు. వైద్యుడు నాడి చూసి చెప్పినట్టు. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షనుకు కలిపే ముక్క అది.

అమలాపురంలో సాయంత్రానికి ఒక మెకానిక్ దొరికాడు. రేకుల షెడ్డు, ఒక జాకీ, గోడ మీద వరసగా పానాలు. బండి కిందికి దూరి బయటికి వచ్చి, “ఎవరండీ ఎత్తించింది?” అన్నాడు. బావ ఆకాశం చూశాడు. “స్ప్రింగుని ఎత్తేస్తే లింకు రాడ్డు నిలబడే కోణం మారిపోతుందండీ. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. మా గట్ల మీద అదెన్నాళ్లు ఉంటుందండీ?” అని, స్పేసర్లు తీసేయమంటారా ఉంచమంటారా అని అడిగాడు. బావ ఇంకా ఆలోచిస్తూండగానే అక్క తీసేయమంది.

రెండున్నర గంటల పని. రెండు లింకు రాడ్లు, కూలీ, పక్క షాపులో అలైన్‌మెంటు కలిపి మూడువేల ఎనిమిది వందలు. పాత రాడ్లు, స్పేసర్లు పేపర్లో చుట్టి చేతికిచ్చాడు. స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి, పెద్ద టైరు ఎక్కడా రాసుకోవడంలేదని చూపించాడు. టైర్ల లెక్క మాస్టారు అక్కడే సిగరెట్ పెట్టె మీద వేశారు. 205/65 నుంచి 215/65కు మారితే 16 అంగుళాల రిమ్ము మీద టైరు వ్యాసం 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగం, ఆరున్నర మిల్లీమీటర్లు. మీటరులో 80 చూపిస్తే అసలు వేగం ఎనభై ఒకటిన్నర. “ఆరున్నర మిల్లీమీటర్లకు నాలుగు టైర్ల ఖరీదు” అన్నారు. కానీ పాత టైర్ల పక్కగోడ కన్నా ఇవి దిట్టంగా ఉన్నాయనీ, గట్టు అంచు రాళ్ల మీద అది పనికొచ్చిందనీ నేను బావ పక్షాన చెప్పాలి.

ఆ రాత్రి అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంటివాళ్లు అద్దెకిచ్చే గదులు. ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన బస అదే. పెరట్లో బావి, అరుగు మీద పడక కుర్చీలు, భోజనంలో పనసపొట్టు కూర, గడ్డ పెరుగు. ఇంటి పెద్దాయన మేం దిగగానే మంచినీళ్లకన్నా ముందు చెప్పిన మాట, చెట్ల కింద బళ్లు పెట్టవద్దని. కొబ్బరిచెట్టును ఇక్కడ పెద్దకొడుకుతో పోలుస్తారు. పెద్దకొడుకు ఎప్పుడు ఏం విసురుతాడో తండ్రికి తెలుసు. మాస్టారూ నేనూ కళ్లంలో పెట్టాం. బావ నీడకోసం చెట్టు కిందే పెట్టాడు. రాత్రిపూట నీడ దేనికో ఇప్పటికీ చెప్పలేదు.

తెల్లారేసరికి ఎండు మట్ట ఒకటి లైటు బారు మీద అడ్డంగా పడివుంది. బారు ఒక పక్క వంగింది, టాపు మీద అరచేతంత సొట్ట. ఇన్సూరెన్సుకు రాద్దామని బావ అంటే మాస్టారు వద్దన్నారు. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. రెండు మూడు వేలతో పోయే సొట్ట కోసం దాన్ని పోగొట్టుకోవడం దండగ. రంగు పోకుండా సొట్ట లాగేవాళ్లు హైదరాబాదులో వీధికొకరు ఉన్నారు.

లైటు బారు గురించి ఒక మాట. ముందురోజు చీకటిపడ్డాక బావ దాన్ని వెలిగిస్తే ఎదురొచ్చే సైకిలు మనిషి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కాలువ వైపు జరిగాడు. వెంటనే ఆర్పించాను. ఆ తెల్లవారుజామున మంచులో ప్రయత్నిస్తే తెల్లని గోడ కనిపించిందంతే. మంచుకు కిందుగా ఉండే పసుపు ఫాగ్ లైట్లే గతి. మాస్టారి పాత బండికి అవి ఉన్నాయి, ఆయనే ముందు నడిచారు.

పి. గన్నవరంలో అక్విడక్టు దగ్గర ఆగాం. పైన కాలువ, కింద వైనతేయ. ఒక నీటిని ఇంకో నీటి మీదుగా మోయించిన పని. కొత్త అక్విడక్టుకు, ఆకలితో వచ్చినవాళ్లకు అన్నంపెట్టిన దొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పిల్లలు దిగమంటే దిగలేదు గానీ, మేం ముగ్గురం అరగంట నిలబడ్డాం.

అంతర్వేదిలో దర్శనం తేలికగా అయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట బావ ఇసుకలోకి దింపుతానన్నాడు. మా మూడు బళ్లకూ ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలను మాత్రమే. చూడటానికి ఎత్తుగా ఉన్నా, మెత్తటి ఇసుకలో వీటి బతుకు మామూలు కారు బతుకే. పైగా ఉప్పునీరు బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నుల్లోకి పోతే బ్రేకు పట్టేస్తుంది. అక్కడ ఒకాయన ట్రాక్టరుతో కూర్చుని మావైపు ఆశగా చూస్తున్నాడు. ఆయన్ను నిరాశపరిచాం.

సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లను నది దాటించే బల్లకట్టు) ఎక్కి నరసాపురం దిగడం పిల్లలకు పండగ. బళ్లు ఎక్కించేవాళ్లకు కాదు. పోటు తగ్గినప్పుడు రేవు వాలు ఎక్కువవుతుంది, ముందు బంపరు బల్లకు తగిలేలా ఉంటుంది. పంటువాళ్లు చెయ్యి చూపించినట్టే, ఏటవాలుగా, మొదటి గేరులో ఎక్కించండి. వాళ్లకు మన బండి కొలతలు మనకన్నా బాగా తెలుసు. ఎక్కాక హ్యాండు బ్రేకు వేసి గేరులో ఉంచి దిగాలి. నరసాపురంలో ఆడవాళ్లు లేసు బట్టలు కొన్నారు, పాలకొల్లులో క్షీరారామం చూసి, చించినాడ వంతెన మీదుగా దిండి చేరాం.

అక్కడే నా వంతు వచ్చింది. వంతెన దిగుతుండగా డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. డీజిల్ పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లన్నిటికీ తప్పనిసరి అయినట్టే. మసి నిండితే ఇంజిన్ తనంతట తానే దాన్ని కాల్చేసుకుంటుంది. దానికి పావుగంటో అరగంటో ఆగకుండా అరవై దాటి నడవాలి. హైదరాబాదులో రోజూ ఆరు కిలోమీటర్ల ఆఫీసు, ఇక్కడ రెండురోజులు గట్ల మీద ముప్పై వేగం. తప్పు బండిది కాదు, నాది. “నా బండికి ఆ రోగం లేదు” అని మాస్టారు రెండుసార్లు అన్నారు. ఒకసారి సరిపోయేది.

సరే, పొద్దున్నే హైవే మీద తోలితే పోతుందనుకున్నాను. ఆయన నవ్వు ఆపి, బండి కిందికి చూడమన్నారు. కోతల రోజులు కదా. రెండురోజులుగా రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కనుంచి, గడ్డి మీదనుంచి వచ్చాం. సైలెన్సరు గొట్టానికీ రేకుకూ మధ్య ఎండుగడ్డి పిడికెళ్లకొద్దీ ఇరుక్కుని ఉంది. మసి కాలేటప్పుడు ఆ జల్లెడ వేడి 600 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ గడ్డితో హైవే ఎక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

దిండి రిసార్టులో గది ముందు గోదావరి, పడవ ఇళ్లు, అన్నీ బాగున్నాయి, అద్దె అంబాజీపేటకు మూడింతలు. చేపల పులుసు సాధారణం. కానీ తోటమాలి ఏమీ అడగకుండా నీళ్ల పైపు ఇచ్చాడు, పరుచుకోవడానికి గోనెపట్టా ఇచ్చాడు. బండి చల్లారాక గంటసేపు వెల్లకిలా పడుకుని గడ్డి లాగాను, ఉప్పు పోయేలా అడుగంతా మంచినీళ్లతో కడిగాను. ఆ పైపు కోసమైనా మళ్లీ అక్కడే దిగుతాను.

మర్నాడు మంచు విడవగానే 216వ నంబరు రహదారి ఎక్కాను. అమలాపురం దాటాక రోడ్డు ఖాళీ. నాలుగో గేరు, డెబ్బై వేగం, ఇంజిన్ నిమిషానికి రెండువేల చుట్లకు పైనే. మధ్యలో టీకి ఆగుదామని మా ఆవిడ అంటే ఆపలేదు. మధ్యలో ఇంజిన్ ఆర్పితే మళ్లీ మొదటికి వస్తుంది. మురమళ్ల దగ్గర దీపం ఆరింది. ఎదుర్లంక వంతెన మీద, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి పేరు పెట్టిన ఆ పొడుగు వంతెన మీద, గౌతమిని చూసే తీరిక అప్పుడు దొరికింది.

వంతెన దిగితే యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. పన్ను తక్కువ కాబట్టి డీజిలు, పెట్రోలు మనవైపు కన్నా లీటరుకు పది రూపాయలకు పైగా చవక. మూడు బళ్లూ నిండా పట్టించాం. గట్లు చూడటానికి వచ్చేవాళ్లు ట్యాంకు ఖాళీగా ఇక్కడికి చేరేలా దారి వేసుకోండి. కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నడక హాయిగా ఉంది. కాసేపు బళ్ల మాట మరిచాం.

కాకినాడలో కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాను. మసి ఎంత మిగిలిందో కంప్యూటరు పెట్టి చూడటం అమలాపురం షెడ్డులో కుదరదు, అందుకని. చూసి బాగానే ఉందన్నారు. ఆ తర్వాత ఇంజెక్టర్ల శుద్ధి, ఏసీ శుద్ధి, అడుగు పూత, సీటు కవర్లు అంటూ పద్దెనిమిది వేల కాగితం చేతిలో పెట్టారు. అడుగు పూత ఒక్కటీ ఈ ఉప్పుగాలిలో ఉండేవాళ్లకు అవసరమే. సీటు కవర్లయితే, నా సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగుకు అడ్డం పడతాయని చెప్పాల్సినవాళ్లే అమ్మబోయారు. స్కానింగుకు ఆరువందలు ఇచ్చి వచ్చేశాను. ఏసీ గది, కాఫీ బాగున్నాయి. పాత సామాను పేపర్లో చుట్టి ఇచ్చే అలవాటు మాత్రం అక్కడ కనిపించలేదు.

తిరిగొచ్చాక మాస్టారు ఏమీ చేయించలేదు, చేయించాల్సిందేమీ లేదు. నేను వారానికోసారి బండిని ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పి తెస్తున్నాను, బ్రేకు పిన్నులకు గ్రీజు పెట్టించాను. బావ సొట్ట లాగించాడు. వంగిన లైటు బారును అమ్మకానికి పెట్టాడు. అది వాళ్ల బాల్కనీలో, తులసికోట పక్కన ఉంది. ఇంకా ఎవరూ అడగలేదు.