కార్బన్ క్యాప్చరా, సోలారా? మన సీమకు ఏది మేలు?

ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమి లోపల దాచడం మేలా, సోలార్‌కు మారిపోవడం మేలా? ఆ పొగ బొగ్గులోంచి వస్తోందా, రాయిలోంచి వస్తోందా అన్నదే నేను ముందు చూస్తాను.

బొగ్గుదైతే సోలారే మేలు. ముద్దనూరు దగ్గరి ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్) లాంటి బొగ్గు కేంద్రానికి క్యాప్చర్ యూనిట్ తగిలిస్తే, తయారైన కరెంటులో దాదాపు ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, అదే తినేస్తుంది. చల్లబరచడానికి నీళ్ళూ అదనంగా కావాలి. సీమలో ఆ నీళ్ళు ఎవరి వాటాలోంచి తెస్తారు? కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు కేంద్రంలో 2014లో క్యాప్చర్ మొదలైంది. ఏటా 10 లక్షల టన్నులు పడతామన్నారు, అంత పట్టలేకపోయారు. ఇక్కడేమో ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి ఉంది. రాత్రి కరెంటు సంగతేంటంటే, పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్ అందుకే. పగలు నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదులుతారు.

సిమెంటు దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. సున్నం బట్టీలో వంద కిలోల మంచి సున్నపురాయి వేసి పూర్తిగా కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నమే. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలిసిపోతుంది. సిమెంటు కిల్న్‌లో, అంటే సిమెంటు బట్టీలో, జరిగేదీ ఇదే. సిమెంటు తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా ఇలా రాయిలోంచి వచ్చేదే. కిల్న్‌ను సోలార్ కరెంటుతో కాల్చినా అది ఆగదు. అందుకే ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలకు క్యాప్చర్ కావాలనే అంటాను. నార్వేలో బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీ 2025లో ఏటా 4 లక్షల టన్నులు పట్టే యూనిట్ తెరిచింది. అది ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సగం. దాన్ని ఓడల్లో తీసుకెళ్ళి, సముద్రం అడుగు నేలకు ఇంకా రెండున్నర కిలోమీటర్ల కింద, రాళ్ళలో దాస్తారు.

మనకు చిక్కల్లా దాచడంలోనే. దానికి స్పాంజిలా సందులున్న ఇసుకరాయి, దానిమీద గట్టి రాతి మూత కావాలి. కడప బేసిన్ రాళ్ళు చాలావరకు వంద కోట్ల ఏళ్ళు దాటినవి, బిగుసుకుపోయినవి. దాచడానికి పనికొచ్చే రాళ్ళ కోసం కృష్ణా గోదావరి బేసిన్ దాకా పైపులైను వేయాల్సి రావచ్చు, ఖర్చు తక్కువేమీ కాదు. అందాకా క్లింకర్ (కిల్న్‌లో రాయి కాల్చగా వచ్చే, సిమెంటుకు మూలమైన గడ్డలు) తగ్గించి కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే సిమెంటు వాడాలి. దాంతో కార్బన్ డయాక్సైడ్ 30 శాతం దాకా తగ్గుతుంది. ఇది వెంటనే చేయగల పని, దీనికి ఆలస్యం తగదు.

చెట్లు నాటితే చాలదా అంటారు. నాటండి, నీడకూ నేలకూ మంచిదే. అనంతపురం వానలకు అవి ఫ్యాక్టరీ పొగకు సరిపోయేంత పెరగవు.

ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఏ కంపెనీ అయినా క్యాప్చర్ పెడతామంటే రెండు సంగతులు అడగండి: పట్టిన గ్యాసు ఎక్కడికి పంపుతారు, నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు?